క్లస్టర్ డేటాబేసులో రీడో లాగ్ స్విచ్, ఆర్కైవింగ్: తొలిసారి చేసేవారికి

ప్రతి నెలా ఒక రోజు ఉదయం 10 గంటలకు టీటీడీ 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను ఆన్‌లైన్‌లో వదులుతుంది. మూడు నెలల తర్వాతి తేదీల కోసం దేశమంతా, దేశం బయట ఉన్నవాళ్లూ ఒక్కసారిగా ఎగబడతారు. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు కూడా చుట్టాల కోసమో, ఆఫీసులో పై అధికారి కోసమో ఆ పూట ఫోను పట్టుకుని కూర్చోవడం అలవాటే. ఆ సైటు వెనక ఏ డేటాబేసు నడుస్తోందన్నది మనకు ఇక్కడ అనవసరం. రోజంతటి పని పావుగంటలో వచ్చి మీద పడితే ఏ డేటాబేసుకైనా ఏమవుతుంది, అంతవరకే మన ప్రశ్న. ఆ పావుగంటలో ముందుగా ఊపిరాడనిది చాలాసార్లు రీడో లాగే. డిస్కులో చోటుంటుంది, ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది, అయినా జనం స్క్రీను మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఎస్వీ యూనివర్సిటీలోనో, చిత్తూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లోనో చదువుకుని, ఇటు చెన్నైకో అటు బెంగళూరుకో డీబీఏ ఉద్యోగానికి వెళ్లే పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఒకే మెషిన్ మీద ఒరాకిల్ నడిపిన అనుభవం ఉండి, ర్యాక్ క్లస్టర్‌ను మొదటిసారి చేతికిచ్చినప్పుడు ఏం చేయాలో వరుసగా చెబుతాను. ఉదాహరణకు రెండు నోడ్ల 19సీ డేటాబేసు, పేరు గిరి. ఇన్‌స్టెన్సులు గిరి1, గిరి2. డేటా ఉన్న డిస్క్ గ్రూప్ పేరు +డేటా, రికవరీ ఫైళ్ల డిస్క్ గ్రూప్ పేరు +ఎఫ్ఆర్ఏ. కమాండ్లను పలికినట్టే తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి.

ముందు అసలు సంగతి

పాతకాలపు చిత్తూరు కొట్లలో గుమాస్తా ఏ బేరమైనా జరిగిన వెంటనే చిట్టాలో ఎక్కించేవాడు. తీరిక దొరికాక ఆవర్జాలో ఎవరి ఖాతాకు వాళ్లది సర్దేవాడు. రీడో లాగ్ ఆ చిట్టా, డేటా ఫైళ్లు ఆవర్జా. యూజర్ కమిట్ కొట్టగానే లాగ్ రైటర్ అనే ప్రాసెస్ ఆ మార్పును రీడో లాగ్‌లో రాస్తుంది. రాసినట్టు ఖాయమయ్యాకే ‘కమిట్ అయింది’ అన్న జవాబు వస్తుంది. డేటా ఫైళ్లలో ఆ మార్పు నిమిషాల తర్వాత పడినా నష్టం లేదు. కరెంటు పోయినా లాగ్ చదివి మళ్లీ సర్దుకోవచ్చు. లాగ్ ముందు, డేటా తర్వాత అనే ఈ నియమం ఒక్క ఒరాకిల్‌దే కాదు, పెద్ద డేటాబేసులన్నిటిదీ. మనకు పొరుగునే ఉన్న ఐఐటీ మద్రాసులో చదివి ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, సహచరులతో కలిసి 1992లో ప్రచురించిన ఏరీస్ పత్రం ఈ విషయంలో నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

రీడో లాగ్ ఫైళ్లు కొన్నే ఉంటాయి, ఒక్కొక్కదానికి ఒక నిర్ణీత సైజు. ఒకటి నిండగానే లాగ్ రైటర్ తర్వాతి దానికి మారుతుంది. అదే లాగ్ స్విచ్. ఆఖరిది నిండాక మళ్లీ మొదటి దాని మీదే రాస్తుంది. అలా తుడిచి రాసేలోపు పాత రాతను వేరే చోట నకలు తీసి పెట్టే పని ఆర్కైవర్‌ది.

ఇంతవరకు ఒక మెషిన్‌లోనైనా ఇంతే. క్లస్టర్‌లో మారేది ఇది: డేటా ఫైళ్లు అందరికీ ఒకటే, రీడో లాగ్‌లు మాత్రం ఏ ఇన్‌స్టెన్సువి దానివే. గిరి1 రాసే వరుసను థ్రెడ్ 1 అంటారు, గిరి2 రాసే వరుస థ్రెడ్ 2. రెండింటి సీక్వెన్స్ నంబర్లు వేరువేరుగా పెరుగుతాయి. రికవరీ చేయాల్సిన రోజున మాత్రం రెండు థ్రెడ్లూ కావాలి. రెండింటిలోని మార్పులను ఎస్‌సీఎన్ క్రమంలో కలిపి చదివితే తప్ప డేటాబేసు ముందుకు కదలదు. థ్రెడ్ 2కు చెందిన ఒక్క ఆర్కైవ్ ఫైలు పోయినా రికవరీ అక్కడే ఆగిపోతుంది, థ్రెడ్ 1 ఫైళ్లు ఎన్ని భద్రంగా ఉన్నా లాభం లేదు. నేను చూసిన కొత్తవాళ్ల పొరపాట్లలో ఎక్కువ భాగం, తాము లాగిన్ అయిన నోడే మొత్తం డేటాబేసు అనుకోవడం వల్ల వచ్చినవే.

మొదటి పని: ఉన్నదేమిటో చూడండి

ఏ మార్పూ చేయకముందు ఎస్‌క్యూఎల్ ప్లస్‌లోకి వెళ్లి వి$లాగ్ చూడండి. గ్రూప్#, థ్రెడ్#, సీక్వెన్స్#, బైట్స్, మెంబర్స్, ఆర్కైవ్డ్, స్టేటస్ కాలమ్‌లు చాలు. డీబీసీఏతో కట్టిన రెండు నోడ్ల డేటాబేసులో సుమారుగా ఇలా కనిపిస్తుంది:

గ్రూప్ 1, థ్రెడ్ 1, సీక్వెన్స్ 412, 200 ఎంబీ, ఇన్‌యాక్టివ్
గ్రూప్ 2, థ్రెడ్ 1, సీక్వెన్స్ 413, 200 ఎంబీ, కరెంట్
గ్రూప్ 3, థ్రెడ్ 2, సీక్వెన్స్ 97, 200 ఎంబీ, కరెంట్
గ్రూప్ 4, థ్రెడ్ 2, సీక్వెన్స్ 96, 200 ఎంబీ, ఇన్‌యాక్టివ్

రెండు చోట్ల కరెంట్ అని ఉందేమిటని కంగారు పడొద్దు. ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో కరెంట్ లాగ్ ఉంటుంది, ఉండాలి కూడా. సీక్వెన్సుల మధ్య 413కీ 97కీ ఇంత తేడా ఉన్నా తప్పేమీ లేదు. పని ఎక్కువగా గిరి1 మీద పడుతోందని మాత్రమే దానర్థం. స్టేటస్‌లో కరెంట్ అంటే ఇప్పుడు రాస్తున్నది. యాక్టివ్ అంటే రాయడం అయిపోయినా, క్రాష్ అయితే ఇంకా అవసరపడేది. ఇన్‌యాక్టివ్ అంటే ఆ అవసరమూ తీరిపోయినది. ఆర్కైవ్ అయిందా లేదా అన్నది వేరే కాలమ్. ఇన్‌యాక్టివ్ అయినంత మాత్రాన ఆర్కైవ్ అయినట్టు కాదు.

ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. క్లస్టర్ కదా అని జీవీ$లాగ్ చూస్తే ప్రతి గ్రూపూ రెండేసి సార్లు కనిపిస్తుంది. ఈ సమాచారం ఉండేది కంట్రోల్ ఫైల్‌లో. దాన్ని రెండు ఇన్‌స్టెన్సులూ చదివి చెరొకసారి చెబుతాయి. వి$లాగ్_హిస్టరీ, వి$ఆర్కైవ్డ్_లాగ్ విషయంలోనూ ఇంతే. జీవీ$ వాడి లెక్క తీసి, రీడో రెట్టింపు అవుతోందని మేనేజర్‌కు మెయిల్ పెట్టేవాళ్లు ఉన్నారు.

ఆ తర్వాత ‘ఆర్కైవ్ లాగ్ లిస్ట్’ కొట్టి ఆర్కైవ్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. వి$లాగ్‌ఫైల్ చూసి ఫైళ్లన్నీ షేర్డ్ స్టోరేజిలో, అంటే ఏఎస్ఎం డిస్క్ గ్రూపులో ఉన్నాయని రూఢి చేసుకోండి. గిరి2 కుప్పకూలితే గిరి1లోని ఎస్‌మాన్ అనే ప్రాసెస్ వెళ్లి థ్రెడ్ 2 లాగ్‌లు చదివి రికవర్ చేయాలి. ఆ ఫైళ్లు దానికి అందే చోట లేకపోతే క్లస్టర్ కట్టిన ఖర్చంతా వృథా.

రెండో పని: ఆర్కైవ్ మోడ్‌లో పెట్టడం

డేటాబేసు నో ఆర్కైవ్ లాగ్ మోడ్‌లో ఉంటే ముందుగా ఎఫ్ఆర్ఏ, అంటే ఫాస్ట్ రికవరీ ఏరియా సిద్ధం చేయాలి. సైజు ముందు, చోటు తర్వాత. ఈ వరుస తప్పితే ఒరాకిల్ ఒప్పుకోదు.

ఆల్టర్ సిస్టమ్ సెట్ డీబీ_రికవరీ_ఫైల్_డెస్ట్_సైజ్=200జీ స్కోప్=బోత్ సిడ్='*';
ఆల్టర్ సిస్టమ్ సెట్ డీబీ_రికవరీ_ఫైల్_డెస్ట్='+ఎఫ్ఆర్ఏ' స్కోప్=బోత్ సిడ్='*';
ఆల్టర్ సిస్టమ్ సెట్ లాగ్_ఆర్కైవ్_డెస్ట్_1='లొకేషన్=యూజ్_డీబీ_రికవరీ_ఫైల్_డెస్ట్' స్కోప్=బోత్ సిడ్='*';

చివర్లో సిడ్='*' అన్నది అన్ని ఇన్‌స్టెన్సులకూ ఒకే విలువ పెట్టమని. దీన్ని అలవాటుగా ప్రతిచోటా రాయండి. ఆర్కైవ్‌లు ఏ నోడ్‌వి ఆ నోడ్ సొంత డిస్కులో పెట్టుకునే పాత ఏర్పాట్లు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. అవి బ్యాకప్ రోజున ఒక తలనొప్పి, రికవరీ రోజున వంద తలనొప్పులు. కొత్తగా కట్టేవాళ్లు ఆ దారికి పోవద్దు.

ఇక మోడ్ మార్పు. దీనికి డేటాబేసు ఏ నోడ్‌లోనూ ఓపెన్‌లో ఉండకూడదు. కాబట్టి వాడేవాళ్లతో ముందే మాట్లాడుకుని సమయం తీసుకోండి. క్లస్టర్‌లో అన్ని నోడ్లనూ ఒకేసారి ఆపి లేపే కమాండ్ ఎస్ఆర్‌వీసీటీఎల్:

ఎస్ఆర్‌వీసీటీఎల్ స్టాప్ డేటాబేస్ -డి గిరి
ఎస్ఆర్‌వీసీటీఎల్ స్టార్ట్ డేటాబేస్ -డి గిరి -ఓ మౌంట్

తర్వాత ఒక నోడ్‌లో ఎస్‌క్యూఎల్ ప్లస్ తెరిచి:

ఆల్టర్ డేటాబేస్ ఆర్కైవ్‌లాగ్;

మళ్లీ ఎస్ఆర్‌వీసీటీఎల్‌తో ఆపి, మామూలుగా స్టార్ట్ చేయండి. పాత పుస్తకాల్లో ఈ పనికి ముందు క్లస్టర్_డేటాబేస్ పారామీటర్‌ను ఫాల్స్ చేయమని రాసి ఉంటుంది. 10జీ రిలీజ్ 2 నుంచి ఆ అవసరం లేదు. మోడ్ మారాక వెంటనే ఒక ఫుల్ బ్యాకప్ తీసుకోండి. మార్పుకు ముందు తీసిన బ్యాకప్ మీద కొత్త ఆర్కైవ్‌లు అతకవు.

మూడో పని: సైజు తేల్చడం

అసలు తెలివి కావాల్సింది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానిద్దాం.

లాగ్ చిన్నదైతే నిమిషానికోసారి స్విచ్ అవుతుంది. ప్రతి స్విచ్‌తో చెక్‌పాయింట్ పని, ఆర్కైవర్ పని నెత్తిన పడతాయి. తిరిగి తిరిగి మొదటి లాగ్ దగ్గరికి వచ్చేసరికి అది ఇంకా యాక్టివ్‌గానే ఉంటే లాగ్ రైటర్ ఆగిపోతుంది. అది ఆగితే కమిట్లన్నీ ఆగినట్టే. అలర్ట్ లాగ్‌లో అప్పుడు కనిపించే మాటలు ఇవి: ‘థ్రెడ్ 1 కెనాట్ అలొకేట్ న్యూ లాగ్’, దాని కిందే ‘చెక్‌పాయింట్ నాట్ కంప్లీట్’. ఆర్కైవర్ వెనకబడితే రెండో లైను ‘ఆల్ ఆన్‌లైన్ లాగ్స్ నీడెడ్ ఆర్కైవింగ్’ అని ఉంటుంది. పైలైను ఒకటే అయినా రోగాలు రెండు, మందులూ వేరు. మొదటి దానికి లాగ్‌ల సైజో సంఖ్యో పెంచాలి. రెండో దానికి ఆర్కైవ్ చేసే చోటు నిండిందా, ఆ డిస్కు నిదానంగా ఉందా చూడాలి. మొదటి లైను చదివి కంగారుగా గ్రూపులు చేర్చేసేవాళ్లు రెండో లైను చదవరు.

గంటకు ఎన్నిసార్లు స్విచ్ అవ్వాలి? రద్దీ వేళలో కూడా ఇరవై నిమిషాలకు ఒకటికి మించకపోతే మంచిదని ఒరాకిల్ వాళ్లే చెప్పే మోటు లెక్క. దాన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు గానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

లెక్క ఇలా తీయండి. వి$లాగ్_హిస్టరీలో ఫస్ట్_టైమ్‌ను గంటల దగ్గర ట్రంక్ చేసి, థ్రెడ్#తో కలిపి గ్రూప్ బై పెట్టి, వారం రోజులకు కౌంట్ తీయండి. వారం సగటు చూడొద్దు, అత్యధికంగా ఉన్న గంటనే చూడండి. ఉదాహరణకు థ్రెడ్ 1లో ఉదయం 10 నుంచి 11 మధ్య 48 స్విచ్‌లు, రాత్రి 2 గంటలకు ఒక్కటి ఉన్నాయనుకుందాం. 200 ఎంబీ లాగ్‌లు 48 అంటే ఆ గంటలో సుమారు 9.6 జీబీ రీడో. గంటకు మూడు స్విచ్‌లు చాలనుకుంటే ఒక్కో లాగ్ 3.2 జీబీ ఉండాలి. కాస్త పైకి తీసుకుని 4 జీబీ పెట్టవచ్చు.

అక్కడితో ఆగొద్దు. ఆ గంటను నిమిషాల్లోకి విడగొట్టి చూడండి. టికెట్లు వదిలే సైటు లాంటి చోట 48లో 30 స్విచ్‌లు మొదటి పది నిమిషాల్లోనే అయిపోయి ఉంటాయి. అంటే పది నిమిషాల్లో 6 జీబీ. 4 జీబీ లాగ్ ఆ ఉద్ధృతిలో ఏడు నిమిషాల లోపే నిండుతుంది. ఇరవై నిమిషాల సూత్రం అక్కడ తప్పుతుంది. తప్పనివ్వండి. పది నిమిషాల ముచ్చటకు 12 జీబీ లాగ్‌లు పెట్టుకోవడం కన్నా ఒక గ్రూపు అదనంగా ఉంచుకోవడం మేలు. అందుకే థ్రెడ్‌కు రెండు గ్రూపులు ఉంటే చాలని ఒరాకిల్ అన్నా, మూడు కన్నా తక్కువ పెట్టొద్దంటాను. రద్దీ సైట్లకు నాలుగు.

మరి థ్రెడ్ 2కు? అక్కడ రద్దీ గంటలోనూ ఐదు స్విచ్‌లే ఉన్నాయనుకుందాం, చిన్న లాగ్‌లు చాలు అనిపిస్తుంది. చాలవు. గిరి1 పడిపోయిన రోజున ఆ సర్వీసులన్నీ గిరి2 మీదికి వస్తాయి. అసలే ఒక నోడ్ పోయి అందరూ ఉరుకులు పరుగుల మీద ఉన్న సమయంలో రెండో నోడ్ చిన్న లాగ్‌లతో నిమిషానికోసారి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అన్ని థ్రెడ్లకూ ఒకే సైజు, ఒకే సంఖ్య. ఇందులో పొదుపు వద్దు.

నాలుగో పని: కొత్త గ్రూపులు చేర్చి పాతవి తీసేయడం

ఉన్న లాగ్ సైజును నేరుగా పెంచడానికి వీల్లేదు. కొత్తవి చేర్చాలి, పాతవి తీసేయాలి. డేటాబేసు ఆపనక్కర్లేదు.

గ్రూప్ నంబర్లు డేటాబేసు మొత్తానికీ ఒకే వరుస. ఒక్కో థ్రెడ్‌కు 1 నుంచి మొదలు కావు. 10, 20, 30 అని ఎడం వదిలి నంబర్లు ఇచ్చే అలవాటు కొందరికి ఉంది. కంట్రోల్ ఫైల్‌లో చోటు వృథా, వరుసగా ఇవ్వండి.

ఆల్టర్ డేటాబేస్ యాడ్ లాగ్‌ఫైల్ థ్రెడ్ 1 గ్రూప్ 5 ('+డేటా','+ఎఫ్ఆర్ఏ') సైజ్ 4జీ;

ఇలాగే థ్రెడ్ 1కు గ్రూప్ 6, 7. థ్రెడ్ 2కు 8, 9, 10. థ్రెడ్ అన్న మాట మరిచిపోతే మీరు లాగిన్ అయి ఉన్న ఇన్‌స్టెన్సుకు చేరిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ప్రతిసారీ రాయండి. బ్రాకెట్లో రెండు డిస్క్ గ్రూపులు ఇవ్వడం వల్ల ఒక్కో గ్రూపుకు రెండు మెంబర్లు, రెండు వేరు చోట్ల ఉంటాయి. +ఎఫ్ఆర్ఏ నిదానంగా ఉండే చవక డిస్కుల మీద ఉంటే మాత్రం రెండో మెంబర్ అక్కడ వద్దు. లాగ్ రైటర్ రెండు రాతలూ పూర్తయ్యేదాకా ఆగుతుంది, నిదానమైన డిస్కు వేగమే ప్రతి కమిట్ వేగం అవుతుంది.

ఇప్పుడు పాత 1, 2, 3, 4 గ్రూపులు తీసేయాలి. కరెంట్‌గా ఉన్నదాన్ని తీయబోతే ఓఆర్ఏ-01623, యాక్టివ్‌ అయితే ఓఆర్ఏ-01624, ఆర్కైవ్ కాకపోతే ఓఆర్ఏ-00350 వస్తాయి. ఇవి మిమ్మల్ని తిట్టడం కాదు, కాపాడటం. వరుస ఇది:

ఆల్టర్ సిస్టమ్ ఆర్కైవ్ లాగ్ కరెంట్;

దీనికీ ‘ఆల్టర్ సిస్టమ్ స్విచ్ లాగ్‌ఫైల్’కూ ఉన్న తేడా క్లస్టర్‌లో పెద్దది. స్విచ్ లాగ్‌ఫైల్ మీరున్న ఇన్‌స్టెన్సులో మాత్రమే పనిచేస్తుంది, ఆర్కైవ్ పూర్తయ్యేదాకా ఆగదు. ఆర్కైవ్ లాగ్ కరెంట్ థ్రెడ్ పేరు ఇవ్వనంతవరకు అన్ని థ్రెడ్లనూ స్విచ్ చేస్తుంది. ఆగిపోయి ఉన్న ఇన్‌స్టెన్సు థ్రెడ్ అయినా సరే, ఎనేబుల్ అయి ఉంటే వదలదు. పైగా ఆర్కైవ్ పూర్తయ్యాకే ప్రాంప్ట్ తిరిగిస్తుంది. బ్యాకప్ స్క్రిప్టుల్లో స్విచ్ లాగ్‌ఫైల్ రాసి ఉంటే తీసేసి ఇది పెట్టండి. ఒక నోడ్ నుంచి స్విచ్ లాగ్‌ఫైల్ కొట్టి రెండో థ్రెడ్ మారలేదేమిటని గంటసేపు వెతకడం ప్రతి కొత్త డీబీఏకూ రాసిపెట్టి ఉన్నట్టుంది.

కరెంట్ గ్రూపులు కొత్త వాటి మీదికి జరిగేదాకా ఆ కమాండ్‌ను ఒకటి రెండుసార్లు కొట్టి వి$లాగ్ చూడండి. పాతవి యాక్టివ్‌గా మిగిలితే:

ఆల్టర్ సిస్టమ్ చెక్‌పాయింట్;

ఇది మామూలుగానే అన్ని ఇన్‌స్టెన్సులకూ వర్తిస్తుంది. కాసేపట్లో అవి ఇన్‌యాక్టివ్ అవుతాయి. అప్పుడు ఒక్కొక్కటిగా:

ఆల్టర్ డేటాబేస్ డ్రాప్ లాగ్‌ఫైల్ గ్రూప్ 1;

పేరు ఇవ్వకుండా డిస్క్ గ్రూప్ మాత్రమే ఇచ్చి సృష్టించిన ఫైళ్లను ఒరాకిలే తుడిచేస్తుంది. స్టాండ్‌బై కూడా ఉంటే అక్కడ ఒక్కో థ్రెడ్‌కు మన గ్రూపుల కన్నా ఒకటి ఎక్కువగా, అదే 4 జీబీ సైజులో స్టాండ్‌బై రీడో లాగ్‌లు ఉండాలి. మన లెక్కలో థ్రెడ్‌కు నాలుగు చొప్పున ఎనిమిది.

ఐదో పని: అర్ధరాత్రి నిశ్శబ్దానికి గడియారం

లాగ్ పెద్దదైతే రద్దీలో సుఖం, రాత్రిపూట ఇంకో ఇబ్బంది. 4 జీబీ నిండటానికి పని లేని గిరి2లో తెల్లారిపోతుంది. అంతసేపూ ఆ మార్పులు ఆర్కైవ్‌కు చేరవు. స్టోరేజి పోతే అవన్నీ పోయినట్టే. దీనికి ఆర్కైవ్_ల్యాగ్_టార్గెట్ ఉంది. విలువ సెకన్లలో. 0 అంటే వాడనట్టు, లేదంటే 60 నుంచి 7200 లోపు. 1800 పెడితే అరగంటకు మించి ఏ లాగూ ఆర్కైవ్ కాకుండా ఉండదు.

ఆల్టర్ సిస్టమ్ సెట్ ఆర్కైవ్_ల్యాగ్_టార్గెట్=1800 స్కోప్=బోత్ సిడ్='*';

ఇది అన్ని ఇన్‌స్టెన్సుల్లోనూ ఒకే విలువ ఉండాలి. లాగ్‌లు పెద్దవైతే క్రాష్ తర్వాత లేవడానికి ఎక్కువసేపు పడుతుందన్న భయం ఉంటే ఫాస్ట్_స్టార్ట్_ఎంటీటీఆర్_టార్గెట్‌తో దానికి హద్దు పెట్టుకోవచ్చు. అది పెట్టాక వి$ఇన్‌స్టెన్స్_రికవరీలో ఆప్టిమల్_లాగ్‌ఫైల్_సైజ్ అని ఎంబీల్లో ఒక సలహా కూడా కనిపిస్తుంది. మన లెక్కతో పోల్చి చూసుకోండి, సలహాగా మాత్రమే.

ఆరో పని: ఎఫ్ఆర్ఏ నిండకుండా చూడటం, నిండితే తేరుకోవడం

క్లస్టర్ డేటాబేసులు ఆగిపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇంత తేలికగా తప్పించగలిగేదీ, ఇంత తరచుగా జరిగేదీ ఇంకోటి లేదు. ఎఫ్ఆర్ఏ అందరిదీ ఒకటే కనుక అది నిండితే ఏ ఒక్క నోడో కాదు, అన్నీ ఆగుతాయి. కొత్తగా లాగిన్ అవబోయేవాళ్లకు ఓఆర్ఏ-00257 అన్న ఆర్కైవర్ ఎర్రర్, అలర్ట్ లాగ్‌లో ఓఆర్ఏ-19809, ఓఆర్ఏ-19804 వరుసగా వస్తాయి. లోపల ఉన్న సెషన్లు ‘లాగ్ ఫైల్ స్విచ్ (ఆర్కైవింగ్ నీడెడ్)’ అన్న వెయిట్‌లో ఉంటాయి.

ముందు జాగ్రత్త: రెండు థ్రెడ్లూ కలిపి రోజుకు ఎంత రీడో వస్తోందో వి$ఆర్కైవ్డ్_లాగ్‌లో చూడండి. రోజుకు 60 జీబీ అయితే, బ్యాకప్ ప్రతి రాత్రీ జరిగినా ఎఫ్ఆర్ఏలో కనీసం మూడు రోజులకు చోటు పెట్టండి. శుక్రవారం రాత్రి బ్యాకప్ ఫెయిలైతే సోమవారం పొద్దున వరకు ఎవరూ చూడరు. మేలో తిరుపతి గంగమ్మ జాతర వారమో, సంక్రాంతి సెలవులో అయితే ఇంకా పొడుగు. జాతరలో వేషం కట్టిన డీబీఏకు ఫోను ఎత్తే తీరిక ఉండదు. మన 200 జీబీలో ఆర్కైవ్‌లకు మూడు రోజుల చోటు పోగా మిగిలేది తక్కువే, బ్యాకప్ ముక్కలు కూడా అక్కడే పెట్టేవాళ్లు ఇంకా పెంచుకోవాలి.

రోజూ చేయాల్సిన పని ఆర్‌మ్యాన్‌తో. ఒకసారి పాలసీ పెట్టండి:

కాన్ఫిగర్ ఆర్కైవ్‌లాగ్ డిలీషన్ పాలసీ టు బ్యాక్డ్ అప్ 1 టైమ్స్ టు డిస్క్;

ఆ తర్వాత క్రాన్‌లో రోజుకు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు:

బ్యాకప్ ఆర్కైవ్‌లాగ్ ఆల్ డిలీట్ ఇన్‌పుట్;

ఆర్కైవ్‌లు షేర్డ్ స్టోరేజిలో ఉన్నాయి కాబట్టి ఏ నోడ్ నుంచి నడిపినా రెండు థ్రెడ్ల ఫైళ్లూ బ్యాకప్ అవుతాయి. అలాగని క్రాన్ ఒక్క గిరి1లోనే పెట్టి ఊరుకోవద్దు. ఆ నోడ్ పడిపోతే బ్యాకప్ కూడా పడిపోతుంది. గిరి2లోనూ స్క్రిప్టు పెట్టి, అవతలి నోడ్ బతికి లేనప్పుడే నడిచేలా రాయండి.

నిండనే నిండింది, ఫోను మోగింది. ఏం చేయాలి? ముందు వి$రికవరీ_ఏరియా_యూసేజ్ చూడండి. ఏ రకం ఫైలు ఎంత శాతం తినేసిందో, అందులో తిరిగి రాబట్టుకోగలిగింది ఎంతో చెబుతుంది. ఆర్కైవ్‌లు కాకుండా ఫ్లాష్‌బ్యాక్ లాగ్‌లు తినేసి ఉంటే ఎవరో గ్యారంటీడ్ రీస్టోర్ పాయింట్ పెట్టి మరిచిపోయి ఉంటారు, అడిగి తీయించండి. డిస్క్ గ్రూపులో ఇంకా ఖాళీ ఉంటే డీబీ_రికవరీ_ఫైల్_డెస్ట్_సైజ్‌ను పెంచండి. క్షణాల్లో డేటాబేసు కదులుతుంది, రీస్టార్ట్ అక్కర్లేదు. ఊపిరి పీల్చుకుని అప్పుడు ఆర్‌మ్యాన్ బ్యాకప్ నడిపి చోటు ఖాళీ చేయండి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. ఏఎస్ఎంసీఎండీలోకి వెళ్లి ఆర్ఎం కొట్టి ఆర్కైవ్‌లు తుడిచేయొద్దు. డిస్కులో చోటు వస్తుంది గానీ కంట్రోల్ ఫైల్ లెక్కలో ఆ ఫైళ్లు ఇంకా ఉన్నట్టే ఉంటాయి, డేటాబేసు కదలదు. ఇప్పటికే ఎవరైనా ఆ ఘనకార్యం చేసి ఉంటే ‘క్రాస్‌చెక్ ఆర్కైవ్‌లాగ్ ఆల్’, ఆ తర్వాత ‘డిలీట్ ఎక్స్‌పైర్డ్ ఆర్కైవ్‌లాగ్ ఆల్’ కొట్టి లెక్క సరిచేయాలి. బ్యాకప్ లేకుండా పోయిన ఆ ఫైళ్ల తర్వాతి కాలానికి పాత బ్యాకప్ నుంచి రికవరీ కుదరదు కాబట్టి వెంటనే ఫుల్ బ్యాకప్ తీయాలి.

ఏడో పని: చేసి చూడటం

ఇదంతా చదివి ఊరుకుంటే రాదు. వర్చువల్ బాక్స్‌లో రెండు నోడ్ల ర్యాక్ కట్టుకోండి. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ మెమరీ ఉంటే కుంటుతూ నడుస్తుంది, 32 ఉంటే హాయి. కట్టడానికే ఒక సెలవురోజు పోతుంది, అది దండగ కాదు.

గిరి2లో ఒక టేబుల్ సృష్టించి కొన్ని వేల వరసలు ఎక్కించి కమిట్ చేయండి. వెంటనే గిరి1 నుంచి:

ఎస్ఆర్‌వీసీటీఎల్ స్టాప్ ఇన్‌స్టెన్స్ -డి గిరి -ఐ గిరి2 -ఓ అబార్ట్

ఇప్పుడు గిరి1 అలర్ట్ లాగ్ తెరిచి చూడండి. ‘బిగినింగ్ ఇన్‌స్టెన్స్ రికవరీ ఆఫ్ 1 థ్రెడ్స్’ అన్న లైను, కాసేపటికి అది పూర్తయిందన్న లైను కనిపిస్తాయి. పక్క నోడ్ వచ్చి పడిపోయిన నోడ్ రీడో చదివి సర్దిన రుజువు అదే. టేబుల్ అడిగితే వరసలన్నీ ఉంటాయి. ఆ స్థితిలోనే, గిరి2 ఆగి ఉండగానే, ఆర్కైవ్ లాగ్ కరెంట్ కొట్టి థ్రెడ్ 2 సీక్వెన్స్ కూడా పెరిగిందో లేదో వి$లాగ్‌లో చూడండి.

తర్వాత కష్టమైన పరీక్ష. ఫుల్ బ్యాకప్, ఆర్కైవ్ బ్యాకప్ తీసి, ఆ తర్వాత వచ్చిన, ఇంకా బ్యాకప్ కాని థ్రెడ్ 2 ఆర్కైవ్ ఒకదాన్ని కావాలనే మాయం చేసి, రీస్టోర్, రికవర్ చేయబోండి. ఎక్కడ ఆగుతుందో, ఏ థ్రెడ్ ఏ సీక్వెన్స్ కావాలని అడుగుతుందో చూడండి. ఈ పరీక్ష ప్రాక్టీస్ డేటాబేసులోనే, ఆఫీసులో చచ్చినా చేయొద్దు.

ఉద్యోగంలో చేరాక మొదటి వారంలో ఎవరూ అడగకముందే మూడు సంగతులు రాసి పెట్టుకోండి: ఒక్కో థ్రెడ్‌కు ఎన్ని గ్రూపులు ఎంత సైజులో ఉన్నాయి, రద్దీ గంటలో ఒక్కో థ్రెడ్‌కు ఎన్ని స్విచ్‌లు, ఎఫ్ఆర్ఏలో ఇంకా ఎన్ని రోజుల చోటు ఉంది. పెద్ద అమ్మకమో, ఫలితాల విడుదలో, టికెట్ల కోటానో ఉందని తెలిసిన రోజు ముందు సాయంత్రం ఆ కాగితం తీసి మళ్లీ సరిచూడండి, ఆర్కైవ్ బ్యాకప్ ఒకటి అదనంగా నడపండి. ఉదయం 10 గంటలకు సైజులు మార్చడానికి కూర్చుంటే అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.